క్షారం, తైలం, సుగంధం: భారతదేశంలో ఇంటి సబ్బు చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

సుగంధ తైలాలు కలిపి ఇంట్లో తయారుచేసే సబ్బును నేడు ప్రాచీన సంప్రదాయానికి కొనసాగింపుగా పరిచయం చేయడం పరిపాటి అయింది. భారతదేశంలో క్షారం, తైలం, సుగంధం అనే మూడింటి జ్ఞానమూ ప్రాచీనమే. అయితే ఆ మూడింటినీ ఒకే పాత్రలో కలిపి సబ్బుగా మార్చే పని గృహిణి పనుల్లో భాగంగా ఉన్నట్లు మన సంప్రదాయం చూపదు. ఐరోపా, అమెరికాలలో సబ్బు ఇంటి పొయ్యి నుంచి కార్ఖానాకు తరలింది. ఇక్కడ అది దిగుమతి సరుకుగా వచ్చి, స్వదేశీ కార్ఖానాలోకి, అక్కడి నుంచి కుటీరంలోకి, చివరికి ఇంట్లోకి ప్రవేశించింది. ఈ ప్రయాణాన్ని గుర్తించకపోతే అసలైన శుభ్రతా సంప్రదాయమూ, దాన్ని మోసిన శ్రామిక వర్గాలూ చరిత్రలో కనుమరుగవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సబ్బు, క్షారం, సుగంధ తైలం, స్వదేశీ ఉద్యమం, మైసూరు చందన తైలం, గ్రామ పరిశ్రమలు, రజక వృత్తి.

1. ఉపోద్ఘాతం

కొబ్బరినూనె, ఆముదం, కాస్టిక్ సోడా, నిమ్మగడ్డి తైలమో లావెండర్ తైలమో కొన్ని చుక్కలు. ఇంట్లో సబ్బు చేసుకోవడానికి ఇవి చాలు. స్వయం సహాయక సంఘాల శిక్షణ తరగతుల్లోనూ, నగరాల్లోని చిన్న తయారీ కేంద్రాల్లోనూ ఈ పని విస్తరిస్తోంది. తయారైన సబ్బుకు ‘సహజం’, ‘సంప్రదాయం’, ‘అమ్మమ్మల కాలం నాటిది’ అనే విశేషణాలు తోడవుతున్నాయి. వీటిలో చివరి రెండూ చారిత్రక ప్రతిపాదనలు కనుక వాటిని చరిత్ర ఆధారంగానే పరీక్షించాలి.

తెలుగు ఇళ్లలో మూడు తరాల కిందటి స్త్రీలు తలంటుకు కుంకుడుకాయలు కొట్టి నానబెట్టారు, సున్నిపిండి విసిరారు, శీకాయ ఎండబెట్టి పొడి చేశారు. వాటిలో ఏదీ రసాయన దృష్టితో సబ్బు కాదు. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లేదా పొటాషియం లవణం. కొవ్వును గాని నూనెను గాని బలమైన క్షారంతో చర్య జరిపితే అది ఏర్పడుతుంది. ఈ చర్యకు సపోనీకరణం అని పేరు. కుంకుడులోనూ శీకాయలోనూ నురుగునిచ్చేవి సపోనిన్లు. అవి చెట్టు తనకు తానుగా తయారుచేసుకున్న పదార్థాలు. వాటిని నీటిలోకి దింపడానికి క్షారంతో పనిలేదు.

భాషలోనూ ఈ తేడా కనిపిస్తుంది. కుంకుడు, సున్నిపిండి, నలుగు, చౌడు అనేవి మన పల్లె జీవితంలో పాతుకున్న మాటలు. సబ్బు అనే మాటకు హిందుస్తానీ ‘సాబున్’, అరబ్బీ ‘సాబూన్’, లాటిన్ ‘సాపో’ బంధువులు. వస్తువుతో పాటు పేరూ ప్రయాణించి వచ్చింది.

2. మూడు జ్ఞానాలు, మూడు చేతులు

సబ్బుకు కావలసిన మొదటి పదార్థం క్షారం. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారపాక విధికి ఒక అధ్యాయమే ఉంది. కొన్ని వృక్షాలను కాల్చిన బూడిదను నీటిలో కలిపి వడకట్టడం, ఆ క్షారజలాన్ని మరిగించడం, కాల్చిన సున్నపురాయినీ శంఖాలనూ చేర్చి దాన్ని తీక్ష్ణం చేయడం అందులో వివరంగా ఉన్నాయి. బూడిదలోని పొటాషియం కార్బొనేటును సున్నంతో దాహక క్షారంగా మార్చే ప్రక్రియ ఇది. 1902లో వెలువడిన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర మొదటి సంపుటంలో ప్రఫుల్ల చంద్ర రాయ్ ఈ అధ్యాయం ప్రాముఖ్యాన్ని ఎత్తిచూపారు. అయితే సుశ్రుతుడి క్షారం వ్రణాలకు, అర్శస్సుకు వాడే చికిత్సా సాధనం. దాని ఉద్దేశం స్నానం కాదు.

బట్టల శుభ్రతకు వాడిన క్షారం వేరు. మనుస్మృతి ఐదో అధ్యాయం పట్టు, ఉన్ని బట్టలను ఊషరమృత్తికతోనూ, కంబళ్లను అరిష్టకంతోనూ శుద్ధి చేయాలని విధిస్తుంది. ఊషరమృత్తిక అంటే మన చౌడు, అరిష్టకం అంటే కుంకుడు. తెలుగు పల్లెల్లో బీడు భూముల మీద తేలిన చౌడు మట్టిని సేకరించి, దాని నీటిలో బట్టలు తడిపి, చాకిబానలో పేర్చి ఆవిరి పట్టడం రజకుల వృత్తి విద్య. బట్టకు అంటిన ఒంటి జిడ్డులో స్వేచ్ఛగా ఉండే కొవ్వు ఆమ్లాలు వేడి క్షారంతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారతాయి. ఆ సబ్బే మిగిలిన మురికిని వదలగొడుతుంది. కనుక పల్లెలో సబ్బు పుట్టిన చోటు ఏదైనా ఉంటే అది చాకిబానే. దాన్ని ముద్దగా చేసి అమ్మలేదు కాబట్టి, ఆ విద్య ఒక కులవృత్తిలో ఒదిగిపోయింది కాబట్టి, సబ్బు చరిత్రలో దానికి చోటు దక్కలేదు.

రెండో పదార్థం తైలం. ‘తైలం’ అనే సంస్కృత పదం తిలల నుంచి, ‘నూనె’ అనే తెలుగు పదం నువ్వుల నెయ్యి నుంచి ఏర్పడ్డాయి. గాండ్లవారి గానుగ ఊరికి నూనె అందించేది. అభ్యంగన సంప్రదాయంలో నూనెను ఒంటికి పట్టించి, తరవాత పెసరపిండితోనో సున్నిపిండితోనో కుంకుడు రసంతోనో ఆ జిడ్డును తీసేస్తారు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం రాజోచిత భోగాలలో స్నానాన్ని ఒకటిగా వర్ణించింది. అక్కడా పరిమళ భరితమైన నూనెతో మర్దన, ఆపై నలుగు, స్నానం అనే క్రమమే ఉంది. నూనె, దాన్ని తొలగించే పదార్థం ఈ పద్ధతిలో ఒంటి మీదనే కలుసుకుంటాయి. సబ్బులో అవి ముందే ఒక పాత్రలో కలిసి మూడో పదార్థంగా మారిపోతాయి.

మూడోది సుగంధం. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో గంధయుక్తికి ప్రత్యేకమైన అధ్యాయం ఉంది. కన్నౌజ్‌లో నేటికీ సాగుతున్న డేగ్–భప్కా పద్ధతిలో రాగి పాత్రలో పూలను నీటితో మరిగించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా మరో పాత్రలోకి పంపుతారు. ఆ రెండో పాత్రలో ఉండే చందన తైలం పూల పరిమళాన్ని పట్టి ఉంచుతుంది. ఇలా తయారైన అత్తరు ఆస్థానాలకు, దేవాలయాలకు, సంపన్న గృహాలకు చేరేది.

క్షారం రజకుల చేతిలో, వైద్యుల చేతిలో ఉంది. నూనె గాండ్లవారి చేతిలో ఉంది. సుగంధం గంధపు వర్తకుల చేతిలో ఉంది. వృత్తుల వారీగా విడిపోయిన సమాజంలో ఈ మూడు జ్ఞానాలూ ఇంటి పొయ్యి దగ్గర కలుసుకోవలసిన అవసరం కలగలేదు. కుంకుడు చెట్టు ఆ అవసరాన్ని మరింత తగ్గించింది.

ఉత్తర భారతంలో సబ్బు పూర్తిగా అపరిచితమని దీని అర్థం కాదు. గురు నానక్ జప్‌జీలో మలినమైన బట్టను సబ్బుతో ఉతకడం ఒక ఉపమానంగా వచ్చింది. కబీరు పేరిట ప్రచారంలో ఉన్న దోహాలలోనూ సబ్బు ప్రస్తావన ఉంది. ముస్లిం పాలనా కాలంలో సబ్బు ఒక చేతివృత్తి సరుకుగా బట్టల శుభ్రతకు చేరినట్లు ఇవి సూచిస్తాయి. అయినా స్నానంలో దాని స్థానం పరిమితం. గృహిణి తయారీ పనుల్లో అది చేరలేదు.

3. పొయ్యి నుంచి కార్ఖానాకు: పడమటి మార్గం

‘అమ్మమ్మల కాలం నాటి ఇంటి సబ్బు’ అనే భావన నిజంగా వర్తించే ప్రాంతాలు ఉన్నాయి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ప్లినీ, గాల్ ప్రజలు కొవ్వు, బూడిదలతో తయారుచేసి జుట్టుకు ఎర్రదనం కోసం వాడే పదార్థాన్ని ‘సాపో’ అని పేర్కొన్నాడు. మధ్యధరా తీరంలో ఆలివ్ నూనె సబ్బు ఒక పట్టణ పరిశ్రమగా ఎదిగింది. అలెప్పో సబ్బులో ఆలివ్ నూనెకు లారెల్ నూనె తోడయింది. 1688లో ఫ్రాన్స్ రాజశాసనం మార్సెయ్ సబ్బులో ఆలివ్ నూనె తప్ప ఇతర కొవ్వులు వాడరాదని నిర్దేశించింది.

ఆలివ్ పండని ఉత్తర ఐరోపాలోనూ, అమెరికాలోని వలస పల్లెల్లోనూ సబ్బు ఇంటి పని అయింది. ఏడాది పొడవునా కూడబెట్టిన కట్టెల బూడిదను అడుగున రంధ్రం ఉన్న పీపాలో నింపి పైనుంచి నీరు పోసేవారు. కిందికి జారిన క్షారజలం గాఢతను కోడిగుడ్డు తేలే తీరును బట్టి అంచనా కట్టేవారు. పశువుల కొవ్వును అందులో వేసి ఆరుబయట పెద్ద బానలో గంటల తరబడి ఉడికించేవారు. కట్టెల బూడిదలో పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ సబ్బు ముద్దలా మెత్తగా ఉండేది. అది గట్టిపడాలంటే ఉప్పు చేర్చాలి. లిడియా మరియా చైల్డ్ 1829లో ప్రచురించిన గృహ నిర్వహణ గ్రంథంలో సబ్బు తయారీ పొదుపుగల ఇల్లాలి విధుల్లో ఒకటి. ఈ సబ్బులో పరిమళం లేదు, సుగంధ తైలాలు అసలే లేవు. అది దుర్గంధంతో, చేతులు కాలే ప్రమాదంతో కూడిన చాకిరీ.

రెండు పరిణామాలు ఆ చాకిరీని ఇంటి నుంచి తొలగించాయి. 1791లో నికోలస్ లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. దాంతో క్షారం బూడిద మీద ఆధారపడే స్థితి పోయింది. 1823లో మిషెల్ యూజీన్ షెవ్రూల్ కొవ్వుల నిర్మాణాన్ని వివరించి, సబ్బు ఏర్పడేటప్పుడు గ్లిసరిన్ విడుదలవుతుందని స్థాపించాడు. ఇంగ్లండులో 1712 నుంచి అమల్లో ఉన్న సబ్బు పన్ను 1853లో రద్దయింది. చౌక క్షారం, వలస దేశాల నుంచి వచ్చే తాటిజాతి నూనెలు, పన్ను లేని విపణి కలిసి సబ్బును భారీ పరిశ్రమగా మార్చాయి.

గ్లిసరిన్ చరిత్ర ఇక్కడ గమనార్హం. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు పేటెంటు పొందాక నైట్రోగ్లిసరిన్‌కు, దానితో పాటు గ్లిసరిన్‌కు గిరాకీ పెరిగింది. కార్ఖానాలు సబ్బు నుంచి గ్లిసరిన్‌ను వేరుచేసి విడిగా అమ్మడం లాభసాటి అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అది పేలుడు పదార్థాలకు ముడిసరుకు. ఇంటి సబ్బులో ‘గ్లిసరిన్ మిగిలి ఉంటుంది’ అని నేడు చెప్పే మాట నిజమే. దాని వెనుక ఉన్నది ఈ పారిశ్రామిక, యుద్ధ చరిత్ర.

4. దిగుమతి సరుకు, స్వదేశీ ప్రత్యుత్తరం

1888లో లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. అంతకుముందు కూడా ఐరోపా సబ్బు భారతదేశంలో దొరికేది. అయితే కాగితపు చుట్టతో, ముద్రిత నామంతో, ప్రకటనల బలంతో మధ్యతరగతి ఇంటిని చేరిన సరుకుగా సబ్బు స్థిరపడింది ఈ దశలోనే.

దిగుమతి సబ్బు రెండు అభ్యంతరాలను ఎదుర్కొంది. మొదటిది ఆర్థికం. 1905లో బెంగాల్ విభజనతో ఉధృతమైన స్వదేశీ ఉద్యమం విదేశీ వస్తువుల బహిష్కరణకు పిలుపునిచ్చింది. రెండోది శౌచానికి సంబంధించింది. ఐరోపా సబ్బులో పశువుల కొవ్వు ప్రధాన పదార్థం. ఆవు కొవ్వు హిందువులకు, పంది కొవ్వు ముస్లింలకు, ఏ కొవ్వయినా శాకాహారులకు అభ్యంతరకరం. శుభ్రం చేసే వస్తువే మైల అయితే దాన్ని ఒంటికి ఎలా పూయాలన్న ప్రశ్న వచ్చింది.

ఈ రెండు అభ్యంతరాలకూ కలిపి వచ్చిన సమాధానం శాకనూనెల సబ్బు. తాళాల తయారీతో పేరుపొందిన గోద్రెజ్ సంస్థ 1918లో పశువుల కొవ్వు లేని ‘ఛావి’ సబ్బును విడుదల చేసింది. విదేశీ సబ్బుకు తీసిపోదని రవీంద్రనాథ ఠాకూర్ ఇచ్చిన ప్రశంస ఆ సంస్థ ప్రకటనల్లో చోటుచేసుకుంది. 1917లో ఏర్పడిన టాటా ఆయిల్ మిల్స్ కేరళ తీరపు కొబ్బరి మీద ఆధారపడింది. శాకనూనెల సబ్బు ఒక జాతీయ చిహ్నం అయింది.

సుశ్రుతుడి క్షారపాకాన్ని వెలుగులోకి తెచ్చిన ప్రఫుల్ల చంద్ర రాయే బెంగాల్ కెమికల్స్ స్థాపకుడు కావడం యాదృచ్ఛికం కాదు. ప్రాచీన రసాయన జ్ఞానాన్ని పునరుద్ధరించడమూ, ఆధునిక రసాయన పరిశ్రమను నిర్మించడమూ ఆయనకు ఒకే పనిలో రెండు భాగాలు. తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఇదే ధోరణికి మరో ఉదాహరణ. 1893లో బొంబాయిలో ఆయన ప్రారంభించిన అమృతాంజనం కర్పూరం, మెంథాల్ వంటి పరిమళ ద్రవ్యాలను ఇంటింటికీ చేర్చింది. ఆ ఆదాయం ఆంధ్రపత్రికకు ఊతమిచ్చింది. సుగంధ ద్రవ్యం జాతీయోద్యమానికి పెట్టుబడి అయింది.

5. మైసూరు: చందన తైలం సబ్బులో కలిసిన వేళ

క్షారం, తైలం, సుగంధం భారతీయ నేల మీద పెద్ద ఎత్తున కలిసిన సందర్భం మైసూరు సంస్థానంలో వచ్చింది. చందన వృక్షం అక్కడ ప్రభుత్వ సొత్తు. 1792లో టిప్పు సుల్తాన్ దాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. తరవాతి పాలకులూ ఆ హక్కును కొనసాగించారు. 20వ శతాబ్దారంభం వరకు చందనపు దుంగలు ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. వాటి నుంచి తైలం తీసే పని అక్కడ, ముఖ్యంగా జర్మనీలో జరిగేది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆ దారి మూసివేసింది. దుంగలు గోదాముల్లో నిలిచిపోయాయి. మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య తైలాన్ని సంస్థానంలోనే తీయించాలని నిశ్చయించారు. పరిశ్రమల శాఖ బాధ్యుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ పూనికతో, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సడ్‌బరో, వాట్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు స్వేదన ప్రయోగాలు జరిపారు. 1916లో చందన తైల కర్మాగారం ప్రారంభమైంది. ఆ తైలాన్ని సబ్బులో నిలపడం తరవాతి మెట్టు. అందుకు రసాయన శాస్త్రజ్ఞుడు సోసలె గరళపురి శాస్త్రిని ఇంగ్లండుకు పంపి శిక్షణ ఇప్పించారు. 1918 నాటికి మైసూరు శాండల్ సబ్బు విపణిలోకి వచ్చింది. ఏనుగు తల, సింహపు దేహం గల శరభం దాని ముద్ర. 1908 మూసీ వరదల తరవాత హైదరాబాదు రక్షణ ప్రణాళిక రూపొందించిన ఇంజనీరుగా తెలుగువారికి పరిచితుడైన విశ్వేశ్వరయ్య పారిశ్రామిక దృష్టికి ఈ సబ్బు ఒక నిదర్శనం.

ఈ ఘట్టంలో రెండు అంశాలు ముఖ్యం. చందన తైలం సబ్బులోకి రావడానికి కారణం ప్రాచీన స్నాన విధి కాదు, యుద్ధం వల్ల నిలిచిపోయిన ఎగుమతి. రెండోది, శతాబ్దాలుగా పూజలో, అలంకారంలో, అత్తరులో ఉన్న పరిమళం తొలిసారిగా సామాన్యుడి స్నానాల గదికి బిళ్ల రూపంలో చేరింది. ‘సంప్రదాయ పరిమళం గల సబ్బు’ అనే భావన ఇక్కడే రూపుదిద్దుకుంది. నేటి ఇంటి సబ్బు పెట్టెల మీది భాష దానికి వారసురాలు.

6. కార్ఖానా నుంచి కుటీరానికి

సబ్బును చిన్న పరిశ్రమగా మలిచే యత్నాలు మద్రాసు రాష్ట్రంలో ముందుగానే మొదలయ్యాయి. అప్పటి తీరాంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలో భాగాలే. మత్స్యశాఖను నడిపించిన ఫ్రెడరిక్ నికల్సన్ చేపనూనెకు ప్రయోజనం వెతుకుతూ సబ్బు తయారీని చేపట్టారు. కోళికోడులో 1914లో ఏర్పడిన కేరళ సోప్ ఇన్‌స్టిట్యూట్ ఆ కృషి ఫలితం.

1934లో వార్ధా కేంద్రంగా గాంధీజీ నెలకొల్పిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఈ దృష్టికి రాజకీయార్థం ఇచ్చింది. జె. సి. కుమారప్ప దాని కార్యదర్శి. 1941 నాటి నిర్మాణ కార్యక్రమంలో గాంధీజీ పేర్కొన్న గ్రామ పరిశ్రమల్లో పిండి విసరడం, ధాన్యం దంచడం, కాగితం, అగ్గిపెట్టెలు, తోళ్ల శుద్ధి, నూనె గానుగలతో పాటు సబ్బు తయారీ కూడా ఉంది. ఆ జాబితాలో పిండి, గానుగ పల్లెకు తరతరాల పనులు. సబ్బు అలాంటిది కాదు. అయినా అది వాటి సరసన చేరి పల్లె సంప్రదాయంగా కనిపించసాగింది. ఆధునిక వస్తువు సంప్రదాయపు వేషం ధరించిన కీలక సమయం ఇదే.

ఈ ఆదర్శంలో ఒక వైరుధ్యం దాగి ఉంది. నూనె పల్లెలో దొరుకుతుంది. బిళ్లలు పోసే శ్రమ పల్లెలో దొరుకుతుంది. కాస్టిక్ సోడా మాత్రం అప్పట్లో ప్రధానంగా ఓడల మీద వచ్చేది. క్షారం విదేశీ అయినంత కాలం గ్రామ సబ్బు సంపూర్ణ స్వదేశీ కాజాలదు. 1930ల చివర మెట్టూరు, మిఠాపూర్‌లలో రసాయన పరిశ్రమలు మొదలయ్యాక గాని ఆ లోటు తీరే దారి ఏర్పడలేదు. తెలుగు నేల మీద కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ సంస్థ కాస్టిక్ సోడా ఉత్పత్తి చేపట్టింది. కుటీర సబ్బుకు భారీ రసాయన పరిశ్రమే పునాది అన్న సత్యం దాన్ని చిన్నబుచ్చదు, దాని కాలాన్ని సరిగా సూచిస్తుంది.

స్వాతంత్ర్యం తరవాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తినని నూనెల సేకరణను, సబ్బు తయారీని ఒకే పరిశ్రమగా గుర్తించి ప్రోత్సహించింది. వేప, కానుగ, ఇప్ప గింజల నూనెలకు ఇలా ఒక ప్రయోజనం ఏర్పడింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం తరవాత తెలుగు జిల్లాల మహిళా సంఘాలకు ఇచ్చిన వృత్తి శిక్షణల్లో సబ్బు, ఫినాయిలు చోటు సంపాదించుకున్నాయి. తెలుగు స్త్రీకి సబ్బు తయారీ నేర్పింది ఈ శిక్షణ తరగతులు. ఆమెకు అది వారసత్వంగా వచ్చిన విద్య కాదు.

7. ఇంటి సబ్బు, సుగంధ తైలం: ప్రక్రియ చెప్పే చరిత్ర

నేడు ప్రచారంలో ఉన్న శీతల పద్ధతిలో నూనెలను గోరువెచ్చగా ఉంచి, ముందుగా నీటిలో కరిగించి చల్లార్చిన కాస్టిక్ సోడాను వాటిలో పోసి కలుపుతారు. మిశ్రమం మజ్జిగపులుసులా చిక్కబడినప్పుడు సుగంధ తైలం చేర్చి అచ్చుల్లో పోస్తారు. ఒకటి రెండు రోజులకు బిళ్లలు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిస్తారు.

ప్రతి నూనెకూ కావలసిన క్షారం వేరు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల సోడియం హైడ్రాక్సైడు కావాలి. కిలో ఆముదానికి సుమారు 128 గ్రాములు చాలు. కొద్దిపాటి నూనె మిగిలేలా క్షారాన్ని 5 శాతం దాకా తగ్గించడం రివాజు. క్షారం ఎక్కువైతే చర్మం కాలుతుంది. శుద్ధమైన, ఒకే గాఢత గల క్షారం, గ్రాముల్లో తూచే త్రాసు, నూనెల సపోనీకరణ సంఖ్యల పట్టిక లేకుండా ఈ లెక్క సాధ్యం కాదు. ఈ మూడూ 19వ శతాబ్దపు రసాయన శాస్త్రం ఇచ్చినవి. గుడ్డు తేలితే సరేననుకున్న అమెరికన్ ఇల్లాలి పద్ధతికీ దీనికీ మధ్య షెవ్రూల్ ఉన్నాడు.

సుగంధ తైలం విషయంలో ‘తైలం’ అనే మాట కొంత భ్రమ కలిగిస్తుంది. నువ్వుల తైలం, నిమ్మగడ్డి తైలం పేరుకు ఒకే వర్గంగా వినిపించినా స్వభావంలో వేరు. మొదటిది కొవ్వు, క్షారంతో కలిసి సబ్బవుతుంది. రెండోది ఆవిరయ్యే పరిమళ ద్రవ్యాల మిశ్రమం, సబ్బు కాలేదు. అది సబ్బులో అతిథి మాత్రమే, క్షారాన్ని తట్టుకుని ఆరు వారాలు నిలవాలి. నారింజ, నిమ్మ తొక్కల తైలాలు త్వరగా ఎగిరిపోతాయి. లవంగ తైలంలోని యూజినాల్ మిశ్రమాన్ని అచ్చుకు చేరకముందే గట్టిపరచగలదు. చందనం, వట్టివేరు వంటి బరువైన తైలాలు నెలల తరబడి నిలుస్తాయి. మైసూరు ప్రయోగం విజయవంతం కావడంలో చందన తైలపు ఈ స్థిర స్వభావానికి వాటా ఉంది. కన్నౌజ్ అత్తరులో అది పూల పరిమళాన్ని పట్టి ఉంచినదీ ఇదే గుణంతో.

8. ‘సహజం’ అనే మాట ఏం దాస్తుంది?

సుగంధ తైలాలకు ఆరోగ్య ప్రతిష్ఠను కట్టబెట్టిన ఆధునిక పదం ‘అరోమాథెరపీ’. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు రెనే మారిస్ గాట్‌ఫోసే 1937లో తన గ్రంథానికి ఆ పేరు పెట్టాడు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమెరికాలో ఇంటి సబ్బు మళ్లీ ఆదరణ పొందినప్పుడు ఈ భావన దానితో జతకట్టింది. పొదుపు కోసం చేసిన చాకిరీ ఇప్పుడు అభిరుచి అయింది. పరిమళం ఎరగని సబ్బుకు లావెండర్ తోడయింది. ఆ పునరుజ్జీవనమే మన నగరాలకు ‘అమ్మమ్మల సబ్బు’గా చేరింది. అమ్మమ్మలు నిజమే, వారు వేరే ఖండం వారు.

పేరు తప్పయితే ఏమిటి నష్టం అన్న ప్రశ్న రావచ్చు. నష్టం మూడు విధాలు. ఒకటి భద్రతకు సంబంధించింది. ‘సహజం’ అన్న మాట కాస్టిక్ సోడా దాహక స్వభావాన్ని మరుగుపరుస్తుంది. సుగంధ తైలాల్లోని లినలూల్, లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందాక కొందరికి చర్మ అలర్జీ కలిగిస్తాయి. ఐరోపా నిబంధనలు అవి నిర్ణీత పరిమాణం మించితే లేబుల్‌పై పేరుతో చూపాలంటాయి. మన దేశంలోనూ 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల కింద అమ్మకానికి తయారుచేసేవారికి లైసెన్సు అవసరం. సంప్రదాయమని నమ్మినవారికి ఈ జాగ్రత్తలు అనవసర ఆటంకాలుగా తోస్తాయి.

రెండోది జ్ఞాన నష్టం. సబ్బు నురుగు క్షార స్వభావం కలది. కుంకుడు, శీకాయ, పెసరపిండి ఆ మార్గంలో పనిచేయవు. వాటి గుణదోషాలు వేరుగా పరిశీలించదగినవి. సబ్బునే సంప్రదాయంగా ప్రకటిస్తే, అసలు సంప్రదాయం సబ్బుకు రంగునో పేరునో ఇచ్చే చేర్పు స్థాయికి దిగజారుతుంది. ‘శీకాయ సబ్బు’ అనే పేరే ఆ స్థితికి సాక్ష్యం.

మూడోది సామాజికం. చౌడును గుర్తించి, దాని నీటి గాఢతను చేతి స్పర్శతో అంచనా కట్టిన విద్య రజకులది. కుంకుడు, శీకాయ అడవి నుంచి సేకరించి సంతకు తెచ్చిన శ్రమ గిరిజనులది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నేటికీ వారి నుంచి ఈ ఫలాలను కొంటోంది. సపోనీకరణాన్ని ఐరోపా కానుకగా, సుగంధ సబ్బును గృహిణి వారసత్వంగా చెప్పే కథనంలో వీరెవరూ ఉండరు. చాకిబానలో జరిగిన చర్యకు రసాయన నామం ఉందని గుర్తించడం ఈ లోపాన్ని సరిదిద్దే తొలి అడుగు.

9. ముగింపు

భారతదేశంలో ఇంటి సబ్బు వయసు సుమారు ఒక శతాబ్దం. విదేశీ సరుకు మీద నిరసన, యుద్ధం మూసిన ఎగుమతి దారి, గ్రామ స్వావలంబన ఆదర్శం, మహిళా సంఘాల ఉపాధి అవసరం దాన్ని రూపొందించాయి. ఇందులో ప్రతి మలుపూ ఆధునిక చరిత్రకు చెందింది. దాన్ని అనాదిగా చూపడం వల్ల దానికి గౌరవం పెరగదు. స్వదేశీ రసాయన శాస్త్రజ్ఞులు, గ్రామ పరిశ్రమల కార్యకర్తలు, శిక్షణ పొందిన డ్వాక్రా మహిళలు కలిసి సాధించినదిగా చూపినప్పుడే దానికి తగిన గౌరవం దక్కుతుంది.

తెలుగు ప్రాంతాల శుభ్రతా చరిత్రను రాయదలచిన పరిశోధకులు సబ్బు ప్రకటనలతో ఆగకుండా చాకిరేవు, గానుగ, అడవి సంత అనే మూడు స్థలాల వైపు చూడవలసి ఉంది. కులవృత్తుల మౌఖిక చరిత్రలు, జిల్లా పరిశ్రమల నివేదికలు, స్త్రీల పత్రికల్లోని గృహ నిర్వహణ శీర్షికలు అందుకు ఆకరాలు. కుంకుడు రసం, చౌడు నీరు, సున్నిపిండి తమ సొంత పేర్లతో చరిత్రలో నిలిచినప్పుడు, సుగంధ తైలపు సబ్బు కూడా తన అసలు వయసుతో వాటి పక్కన నిలబడగలదు.